మరగకూడని నీళ్ళు

నీళ్ళు మరగకూడదు, వణకాలి అంతే. పొద్దున చేపలావిడ కత్తి తుడుచుకుంటూ చెప్పిన మాట ఇది. మరిగాయంటే ముక్క బిగుసుకుపోతుందమ్మా, మీ ఆయన గొంతుకి అది పడదు, బుడగలు గిన్నె అడుగునే అంటిపెట్టుకుని ఉండాలి గానీ పైకి లేవకూడదు. అలాగే ఉన్నాయి ఇప్పుడు. వంగి చూస్తూనే ఉన్నాను. ఒక బుడగ కదిలిందా, మంట తగ్గిస్తున్నాను. అన్నీ అణిగాయా, పెంచుతున్నాను. ఈ స్టవ్వు మీటని ఇన్నిసార్లు తిప్పడం దీన్ని కొన్నాక ఇదే మొదలు. ఉల్లిపాయ చక్రాలూ, కాసిని మిరియాలూ, ఒక నిమ్మచెక్కా వేశాను వాసన పోవాలని. వేసిన తర్వాత మిరియం గొంతుకి అడ్డం పడితే అన్న ఆలోచన వచ్చింది. గరిటెతో ఏరి పారేశాను. మిరియాలు తీశాక ఉల్లిపాయని చూస్తే, దాని పొర మాత్రం తక్కువదా, అంగిట్లో అతుక్కుంటే ఏం చేస్తావు అనిపించింది. అదీ తీసేశాను. నిమ్మగింజ ఉందేమోనని చెక్కని పిండి పిండి చూసి పారేశాను. చివరికి గిన్నెలో మిగిలింది నీళ్ళూ చేపా. గిన్నె పక్కన నేనూ నా భయమూ.

ముందు గదిలో ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముక్కులోంచి గొట్టం పొద్దుననే తీశారు. తీసిన చోట అంటింపు పట్టీ మచ్చ ఎర్రగా ఉంది, మీసం ఒక పక్క ఊడింది. ఇన్నాళ్ళూ అన్నం, పాలు, మందులు, అన్నీ ఆ గొట్టంలోంచే. నేను సిరంజితో పోస్తుంటే, ఇదేం బండి, పెట్రోలు పోస్తున్నావా అనేవారు. గొంతు పీలగా అయినా వెటకారం మాత్రం తగ్గలేదు. కండక్టరు ఉద్యోగం చేసిన నోరది. బస్సు ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేలా ముందుకి జరగాలమ్మా ముందుకి జరగాలి అని అరిచిన గొంతు, ఇప్పుడు పక్క గదిలోంచి పిలిస్తే నేను కుట్టు మిషను ఆపి చెవి ఒగ్గాలి. ఆ మింగుడమ్మ (మింగడం నేర్పే అమ్మాయికి ఆయన పెట్టిన పేరది, ఆ పిల్ల ముందే అంటారు, ఆ పిల్లా నవ్వుతుంది) పొద్దున నన్ను పక్కకి పిలిచి చెప్పింది. గడ్డం ఛాతీకి ఆనించి మింగమనండి, చెంచాకి కొంచెమే పెట్టండి, మెత్తగా తడిగా ఉండాలి, ఒక్క ముల్లు కూడా ఉండకూడదు, మింగగానే ఏదో ఒకటి మాట్లాడించండి. గొంతు పొడిగా మామూలుగా వస్తే సరే. గరగరమంటూ నీళ్ళలోంచి వచ్చినట్టు వస్తే లోపలికి పోయిందని అర్థం, ఊపిరితిత్తుల్లోకి. ఆపేసి ఫోను చెయ్యండి. నేను తల ఊపాను. ఈసారి కుదరకపోతే, అని ఆగింది. కుదరకపోతే పొట్టకే చిల్లు పెట్టి గొట్టం వేస్తారు, ఇక నోటితో తినడం ఉండదు. ఆ మాట ఆయనకి వినపడకూడదని తలుపు దగ్గరికి వేసి చెప్పింది గానీ, ఆ తలుపు సరిగ్గా పడదు.

చేప అడిగింది ఆయనే. మెత్తటి గంజి పెడతానంటే, గంజి తాగడానికా నేను బతికింది అన్నారు. ఏమనాలి నేను? బతికింది ఎలాగో నాకు తెలుసు. మొదటిసారి పక్షవాతం వచ్చి పడిపోయినప్పుడు కాదు, అప్పుడు భయపడేంత తీరికే లేదు. రెండోసారి, ఇంటికొచ్చిన తర్వాత, నేను జాకెట్టు చేతులు కుడుతూ పక్కన టీ కప్పు పెట్టుకుంటే, అటు తిరిగి దారం తెంపేలోపల కప్పు లాక్కుని ఒక గుక్క తాగేశారు. దగ్గు కూడా రాలేదు మొదట. పెదాలు నీలమయ్యాయి. కప్పు ఒరిగి ఎడమ తొడ మీద పొగలు కక్కే టీ పడింది, ఆయన దానికేసి ఎవరి కాలి మీదో పడినట్టు చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు నేను మరిచిపోలేను. తర్వాత దగ్గు, జ్వరం, మళ్ళీ ఆసుపత్రి, ఒక గుక్క టీకి అంత. గుక్క టీకే అంత అయితే చేపకి ఎంత? వద్దు, అలా ఆలోచించకు. బుడగ కదిలింది. మంట తగ్గించు. మీ వీపు మీద చెయ్యేసి కొడుతున్నప్పుడు నా చెయ్యి ఎంత గట్టిగా పడిందో మీకు తెలియదు, నేను కొట్టింది మిమ్మల్ని కాదు, మీ మీద కూర్చున్న దాన్ని. ఆసుపత్రిలో నర్సు ఆ వాతలు చూసి నావంక అదోలా చూసింది.

ముక్క రంగు మారుతోంది. గాజులా ఉన్నది పాలలా అవుతోంది అంచుల నుంచి లోపలికి. మధ్యలో ఇంకా పచ్చి. ఇంత తెల్లగా చేప నేనెప్పుడూ వండలేదు, కారం లేదు, నూనె లేదు, చూస్తే చేపకి కూడా ఒంట్లో బాగాలేనట్టుంది. మంట ఇంకొంచెం తగ్గించాను. సూదుల పెట్టె మిషను మీద పెట్టి వచ్చానా? లేదు, ఇక్కడే ఉంది, గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన, మూత తీసి. మూత ఎందుకు తీసి ఉంది? ఫోనొచ్చినప్పుడు. అవును. ఫోనొచ్చినప్పుడు నోట్లో సూదులు గబగబా అందులో పడేశాను కదా.

నోట్లో సూదులు.

ఆగు, వరసగా గుర్తు తెచ్చుకో. నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. ఆయన పిలిచారు. మొదటి ముద్ద నైటు ప్యాంటులో తినను, డ్యూటీ ప్యాంటు తొడుగు అన్నారు. పెళ్ళికెళ్తున్నారా అన్నాను. బతికి బయటికొస్తున్నా కదే, మర్యాదగా రావద్దూ అన్నారు. తొడిగాను, కిందా మీదా పడి. నడుము దగ్గర ఇంకొక మనిషి పట్టేంత వదులు, కాళ్ళు నేల మీద జీరాడుతున్నాయి. కూర్చోబెట్టి, గుండుసూదులు నోట్లో పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని నడుము రెండు పక్కలా బిగించి గుచ్చాను, కింది మడతలు గుచ్చాను. పెదాల మధ్య సూదులు పెట్టుకోవడం నాకు కుట్టుపని నేర్పిన మేనత్త దగ్గర నుంచి వచ్చిన అలవాటు. ఆవిడ నోట్లో సూదులతోనే తిట్టేది, అరిచేది, ఒక్కటి రాలేది కాదు. నేనూ అంతే, మాట్లాడతాను, పాడతాను కూడా. వంటింట్లో మూత టకటకలాడింది. నీళ్ళు మరిగిపోతున్నాయని పరిగెత్తాను, నోట్లో మిగిలిన సూదులతోనే. మూత తీశాను, మంట తగ్గించాను, మొహానికి ఆవిరి కొట్టింది, ఊదాను. ఊదాను! సూదులు నోట్లో పెట్టుకుని గిన్నెలోకి ఊదాను. తర్వాత చేప జార్చాను. ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఫోను మోగింది.

ఫోను చేసింది వదిన, ఆయన అక్క. డబ్బా పెట్టేసి, నోట్లోవి పెట్టెలోకి ఊసి, హలో అన్నాను.

"ఏమ్మా, వాడికి చేప పెడుతున్నావటగా?"

"అవును వదినా. మెత్తగా ఉడకబెట్టి."

"నీకేమైనా మతిపోయిందా? ముల్లు గుచ్చుకుంటే ఏం చేస్తావ్? అరటిపండు లేదా ఇంట్లో?"

"ముళ్ళన్నీ తీయించాను వదినా."

"తీయించావు. చేపకి ఎన్ని ముళ్ళుంటాయో దాన్ని కన్న తల్లికే తెలీదు. చూసుకో మరి, నేను చెప్పేది చెప్పాను, తర్వాత నన్ననకు."

నేనెందుకంటాను నిన్ను? అనడానికి నేనొక్కదాన్నీ సరిపోనూ. పెట్టెలో వేలు పెట్టి కలిపాను. తెల్ల తల సూదులున్నాయి. ఎర్రవి ఉన్నాయి. నీలం తలది లేదు. నీలం తలది ఒక్కటే నాకు, మేనత్త ఇచ్చింది, అన్నింటికన్నా పొడవు, వీపు మధ్య గీత మీద గుచ్చడానికి తప్ప దాన్ని వాడను. ఇవాళ వాడలేదు. వాడటానికి లేదు, ఆయన కూర్చునే ఉన్నారు, వెనక మధ్యలో గుచ్చాలంటే లేవాలి. అంటే అది చివరిదాకా నా నోట్లోనే ఉండాలి. ఉండాలి కదా? పెదాలు తడుముకున్నాను. నాలుక కింద చూసుకున్నాను. బట్టలు దులిపాను, మోకాళ్ళ మీద పడి నేలంతా అరచేత్తో తుడిచాను, గట్టు కిందికి టార్చి వేసి చూశాను. ఒక ఎండిన బఠాణీ దొరికింది.

"ఏమండీ! మీకేమైనా గుచ్చుకుంటోందా? సూదేమైనా?" అని ఇక్కడి నుంచే అరిచాను.

"ఆకలి గుచ్చుకుంటోంది!"

"వేళాకోళం కాదు. సూది!"

"లేదే బాబూ! ఏం గుచ్చుకోవట్లేదు."

సరే. అక్కడ లేదు. అయితే ఇక్కడే. మంట కట్టేశాను. అయస్కాంతం తెచ్చాను. దారం కట్టిన గుర్రపునాడా అయస్కాంతం, రాత్రి కుట్టుపని కట్టేసే ముందు నేల మీద ఈడుస్తుంటాను దాన్ని, సూదులన్నీ లేచొచ్చి మీసాల్లా నిలబడతాయి. సబ్బుతో రుద్దాను, మళ్ళీ రుద్దాను, వేడినీళ్ళు పోశాను. అల్యూమినియం గిన్నె, అంటుకోదు, అదొక అదృష్టం. నీళ్ళలో దించి మెల్లగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి, చేప చుట్టూ, చేప కింద, చేప మీద. చేప గిన్నెలో అయస్కాంతం ఈదించిన ఇల్లాలు ఈ లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను, ఎవరికైనా చెబితే పిచ్చాసుపత్రికి దారి చూపిస్తారు. పైకి తీశాను. ఏమీ లేదు. ప్రాణం లేచొచ్చింది. లేదు, గిన్నెలో లేదు, నేలలో ఎక్కడో ఉంటుంది, రేపు తీరిగ్గా వెతుక్కోవచ్చు. అని ఊపిరి పీల్చుకునేలోపలే గుర్తొచ్చింది. నీలం తలది ఎప్పుడూ అయస్కాంతానికి రాదు. మేనత్త చెప్పింది, ఇది ఇత్తడిదే, తుప్పు పట్టదు, పట్టుబట్ట మీద మచ్చ పడదు, జాగ్రత్తగా పెట్టుకో, కింద పడితే నీ కళ్ళే దిక్కు. ఎన్నోసార్లు పడింది, ఎన్నోసార్లు కళ్ళతోనే వెతుక్కున్నాను, మరి ఇంతసేపూ ఏ కళ్ళు పెట్టుకుని అయస్కాంతం ఆడించాను? గట్టు పట్టుకుని నిలబడ్డాను.

తెల్ల పళ్ళెం. చేపని అట్లకాడతో ఎత్తి పళ్ళెంలోకి. ముక్క బాగానే ఉడికింది, తాకితే పొరలు పొరలుగా విడిపోతోంది, చేపలావిడ చూస్తే మెచ్చుకునేది. గిన్నెలో నీళ్ళు లైనింగు గుడ్డలోంచి వడకట్టాను, ఉతికిన కొత్త గుడ్డ. గుడ్డ మీద ఏమీ నిలవలేదు. అయితే చేపలోకే దిగిందా? ఉడుకుతున్న మాంసంలోకి సూది దిగడానికి ఎంతసేపు? వేళ్ళతో ఒక్కో పొరా విడదీస్తున్నాను, కానీ నా వేళ్ళని నేనెలా నమ్మను? ఇన్నేళ్ళ సూదిపోట్లకి బొటనవేలూ చూపుడువేలూ కొసలు కాయలు కాశాయి, సూది గుచ్చుకున్నా రక్తం చూసేదాకా తెలియదు నాకు. ఉంగరపు వేలితో తడమాలి. అది బతికే ఉంది. దాంతో నొక్కి, పళ్ళెం దీపం కిందికి వంచి, పొర తర్వాత పొర, పీచు తర్వాత పీచు. ఇదేమిటి? దొరికింది. కాదు, ముల్లు. వెంట్రుకంత ముల్లు, చేపలావిడ ముళ్ళు లాగే చిమ్టాకి దొరకనిది. అన్నీ తీశానమ్మా, కళ్ళు మూసుకుని పెట్టండి అంది. నేను కళ్ళు మూసుకుని పెట్టేదాన్నే. సూది కోసం వెతక్కపోతే ఈ ముల్లు ఆయన గొంతులో ఉండేది. ఇంతదాకా ఇది చూడని దాన్ని, ఇంకేమేం చూడలేదో. మళ్ళీ మొదటి నుంచి తడిమాను. చేప చేపలా లేదు, తెల్లటి పోగులయింది, కొంచెం వడకట్టిన నీళ్ళు చల్లి మెదిపాను, మింగుడమ్మ చెప్పినట్టే మెత్తగా తడిగా ఉంది. సూది లేదు. సూది లేదని కళ్ళు చెబుతున్నాయి, వేలు చెబుతోంది. అయినా నీలం తల ఎక్కడో ఒకచోట ఉంది కదా, ఆవిరైపోలేదు కదా! అది ఎక్కడుందో తెలిసేదాకా ఈ పళ్ళెంలోనే ఉన్నట్టు.

పారేద్దాం. చెత్తబుట్ట మూత కాలితో తొక్కి తెరిచాను. పారేసి, మాడిపోయిందని చెబుతాను, గంజి కాస్తాను. మరి ఆయన? పొద్దున్నుంచీ ఆ పాత ప్యాంటు తొడుక్కోవాలని ఎదురుచూసిన మనిషి. బజారు నుంచి వచ్చాక సంచీ తెరిచి చూపిస్తే వాసన చూసి కళ్ళు మూసుకున్న మనిషి. రేపు పెట్టొచ్చు. రేపు మళ్ళీ ఈ భయం పడాలి, రేపటికి నాకు ధైర్యం ఉంటుందా? ఉండదు. నా సంగతి నాకు తెలుసు. ఒక రోజు వాయిదా వేశానంటే ఇంకో రోజు వేస్తాను, అరటిపండుకి భయపడతాను, నీళ్ళకి భయపడతాను, చివరికి ఆ పొట్ట గొట్టమే నయమంటాను. నయమని నేనే సంతకం పెట్టి వస్తాను. మూత మీంచి కాలు తీశాను. అది పడిన చప్పుడికి ఉలిక్కిపడ్డాను.

"ఏమే" అని పిలిచారు. పీలగా. "చేప గుడ్డు పెట్టి పిల్లని చేసేదాకా ఆగుతున్నావా?"

పళ్ళెం చేత్తో పట్టుకునే వెళ్ళాను, ఏం చెప్పాలో తెలియకుండానే. కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఆయన మీద పడుతోంది. జుట్టు తడిపి దువ్వుకున్నారు, కుడిచేత్తో, ఒక పక్కే. డ్యూటీ ప్యాంటు మడత నలగకుండా కాళ్ళు జాపి కూర్చున్నారు. ఎడమ కాలు కొంచెం పక్కకి వాలి ఉంది, సరిచేద్దామని పళ్ళెం బల్ల మీద పెట్టి వంగాను, తొడ కింద చెయ్యి వేసి ఎత్తాను. ఖాకీ గుడ్డ మీద రూపాయంత మచ్చ, ఎర్రగా, తడిగా. దాని మధ్యలో నీలం తల.

కుర్చీలో పడింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని మడతలు గుచ్చుతూ, కదలకండి అని అరిచాను చూశారా, అప్పుడు రాలింది, వంటింట్లో కాదు. ఆయన దాని మీదే కూర్చున్నారు ఇంతసేపూ. గుచ్చుకుంటోందా అని నేనడిగాను! ఎవరిని అడిగాను? వేడి టీ పడితే తెలియని కాలిని అడిగాను. లేదు అని అది చెబితే నమ్మి గిన్నెలు వడకట్టాను. సూది లాగాను. బయటికి వచ్చేటప్పుడు కొంచెం బిగుసుకుంది. ఆయన మొహంలోకి చూశాను, ఏదైనా, ఒక్క రవ్వ నొప్పి కనిపిస్తుందేమోనని. ఏమీ లేదు. నేను ఏడుస్తున్నానని ఆయన మొహం చూస్తేనే తెలిసింది.

"ఏమైందే?"

"సూది. మీ కాల్లో. ఇంతసేపూ."

"ఓస్, అంతేనా! నా కాలు కాదులే అది, ఎవరో వదిలేసిపోయారు."

"నోరు ముయ్యండి!"

"మూస్తే చేప ఎట్లా తినను?"

స్పిరిట్ దూది అద్ది కట్టు కట్టాను. ముడి వేస్తుంటే ఆయన కుడిచెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది. చెంచా తీసుకున్నాను. కొసకి కొంచెం, కొంచెమే. చేప ఆయన నోటి దాకా వెళ్ళి ఆగింది, నా చెయ్యి ముందుకి పోవట్లేదు. సూది దొరికింది కదా, ఇంకేం భయం? భయం సూదిది కాదని నాకు మొదటి నుంచీ తెలుసు. సూది ఉన్నంతసేపూ కనీసం వెతకడానికి ఒకటి ఉంది. ఇప్పుడిక వెతకాల్సిందేమీ లేదు, గొంతు ఒక్కటే ఉంది, లోపల రెండు దారులు, అది ఏ దారిన పోతుందో చూడటానికి ఏ దీపమూ లేదు.

"ముందుకి జరగాలమ్మా, ముందుకి జరగాలి" అన్నారు ఆయన, చెంచాని చూస్తూ.

పెట్టాను. పెదాలు మూశారు. దవడ ఒకసారి కదిలింది, రెండోసారి కదిలింది. గడ్డం ఛాతీకి అన్నాను, ఆనించారు. గొంతు ముడి కనపడలేదు నాకు, గడ్డం కింద దాగింది. కిందికి వంగి చూశాను, పైకి లేచింది, ఆగింది. ఎందుకు ఆగింది? దిగింది. తల ఎత్తారు. కళ్ళలో నీళ్ళున్నాయి. టీ రోజున కూడా ఇలాగే, దగ్గు ముందు రాలేదు, ఇలాగే నీళ్ళు తిరిగాయి. పెదాల రంగు చూశాను. గోళ్ళ రంగు చూశాను. వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవట్లేదు, ఆపండి రా నాయనా, నేను వినాలి.

"మాట్లాడండి. ఏదో ఒకటి అనండి. ఏమండీ!"

ఆయన నావంకే చూస్తున్నారు. నాలుకతో పెదాలు తుడుచుకున్నారు. నోరు తెరిచారు.

"ఉప్పు లేదు."

పొడిగా వచ్చింది. పీలగానే, కానీ పొడిగా, ఎక్కడా నీరు లేకుండా, పెళ్ళైన కొత్తలో మొదటి రోజు నా వంటని అన్నట్టే వంక పెడుతూ.

"ఇంకోసారి అనండి."

"ఉప్పు లేదే తల్లీ. ఉప్పు వెయ్యడం మరిచిపోయావు."

ఉప్పు డబ్బా వంటింట్లో గట్టు మీద ఉంది. నేను లేవలేదు. చెంచా మళ్ళీ ముంచాను.

"ఇంకోసారి" అన్నాను.